నాగమణి మీద కన్ను

నాపరాయిని వేలితో తట్టి మోత వినందే చైతన్య లారీకెక్కించడు. మనుషుల మాటల్నీ అంతే. అలాంటివాడు ఆ సాయంత్రం మాచర్ల బస్టాండు పక్కన కరీమున్నీసా టీ బంకులో, జేబులో ఫోన్ని గట్టిగా అదిమిపట్టుకుని కూర్చున్నాడు. ఆ ఫోన్లోని పాతాళకోట ఆటలో అతనికో నాగమణి ఉంది. క్వారీలో కాలు విరిగి మంచాన పడ్డ వేసవంతా ఆడితే దొరికింది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న శివనాగరాజు కన్ను దాని మీద పడింది.

"మొదట నేను చేసింది చిన్న ఉంగరమేలే అల్లుడూ," అని శివనాగరాజు గ్లాసు తిప్పుతూ మొదలుపెట్టాడు. "కోటలో మంత్రపు వస్తువు చెయ్యాలంటే లెక్కుంది. లోహం, మణి, మంత్రం, మూడూ కొలిమిలో కలవాల. వస్తువుకి మణి ఒక్కటే. రెండోది పెట్టావో, అన్నీ బూడిదే. ఆ ఉంగరం పెట్టుకుంటే చీకట్లో దారి కనపడుద్ది, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కత్తి చేశా. ఏడు మణులు పెట్టి!"

"ఒక్కటేనంటివి గదా మామా?"

"అది మీబోటోళ్ళకి! నా చెయ్యి చూసి కొలిమే నోరు తెరిచి, ఇంకోటి పెట్టయ్యా, ఇంకోటి పెట్టయ్యా అని బతిమాలింది. తిత్తి ఊదటానికి మనుషులు చాలక డ్రాగన్ని కూచోబెట్టా. అది ఊదీ ఊదీ దగ్గు తెచ్చుకుంటే మిరియాల కషాయం కాచి పోశా. కత్తి బయటికి తీశానా, ఫోన్లోంచి సెగ కొట్టి మా ఇంట్లో ఫ్రిజ్‌లో పాలు పొంగినయ్! ఆట చేసిన కంపెనీవాళ్ళు ఫోన్ చేసి, అయ్యా తమరు కాస్త ఆగండి, మా కంప్యూటర్లు కరిగిపోతున్నయ్ అని ఒకటే ఏడుపు."

"ఏ భాషలో ఏడ్చారు తమ్ముడూ?" టీ వడకడుతూ అడిగింది కరీమున్నీసా.

"ఏడుపుకి భాషేందక్కా!"

బల్ల మీదివాళ్ళు నవ్వారు. చైతన్య నవ్వలేదు.

"ఆ మణి నాకియ్యరా. డాలు చేసిస్తా. ఆఖరి తలుపు కాడ మంటలే నీకు దారిస్తయ్."

చైతన్యకి అక్కడే గుంజాటన. డాలు లేందే ఆ తలుపు దాటలేడు, చేసుకోవటం తనకి చేతకాదు. ఇచ్చాక మాత్రం వెనక్కి తీసుకునే దారి ఆటలో లేదు.

"ఆ కత్తి ఒక్కసారి చూపించు మామా."

"దాని వెలుగుకి కళ్ళు పోతయ్‌రా. దాచిపెట్టా."

"సరే, మణి చేతులు మారాలంటే ఇద్దరం కోట వాకిట్లో ఎదురెదురుగా నిలబడాల. రా."

శివనాగరాజు చార్జింగ్ లేదన్నాడు. కరీమున్నీసా వైరు అందించింది. సిగ్నల్ లేదన్నాడు. పక్కాయన హాట్‌స్పాట్ పెట్టాడు. ఇక తప్పలేదు.

తలలన్నీ చైతన్య ఫోను మీదికి వంగాయి. వాకిట్లో ఇనప చొక్కా వేసుకున్న చైతన్య బొమ్మ నిలబడి ఉంది. ఎదురుగా శివనాగరాజు బొమ్మ వచ్చింది. ఆటలో చేరినరోజు అందరికీ ఊరికే ఇచ్చే గోనెగుడ్డ చొక్కా, చేతిలో కందికంప.

"మారువేషంరా అల్లుడూ! అసలు రూపంలో వస్తే రాక్షసులంతా పారిపోతారని..."

ఇంతలో కోటగోడ కంతలోంచి ఒక ఎలక వచ్చి ఆ బొమ్మ కాలు కొరికింది. శివనాగరాజు బొమ్మ వెల్లకిలా పడి చచ్చింది.

చైతన్య ఆట మూసేసి, నాగమణితో సహా ఫోన్ని జేబులో వేసుకున్నాడు.

"రాక్షసుల సంగతి సరే తమ్ముడూ," అంది కరీమున్నీసా, శివనాగరాజు ముందు ఇంకో టీ పెడుతూ, "నీ సంగతి ఆ ఎలక్కెవరూ చెప్పినట్టు లేదే!"