బ్యాంకోళ్లు అప్పిచ్చిన వాన

మారెమ్మ టీ కొట్టు బెంచీ మీద కుళ్లాయప్ప కాలు మీద కాలేసుకున్నాడంటే గుంతకల్లు స్టేషన్ ముందున్న ఆటోలు ఇక కాసేపు కదలవు. సొంతూరు యాడికిలో చేను బీడు పెట్టి వచ్చి ఇక్కడ బస్తాలు మోస్తున్నాడు గానీ, నోరు తెరిస్తే మాత్రం మహారాజే.

ఆ సాయంత్రం తిప్పేష్ తన బాడుగ ఆటో పక్కకు పెట్టి వచ్చి కూర్చున్నాడు. చొక్కా జేబు నోట్లతో బరువుగా ఉంది. ఊళ్లో కొత్తగా దిగిన ఒకాయన, దుడ్లు ముందే ఇస్తే, బ్యాంకులు లోనిచ్చే ముందు చూసే సిబిల్ స్కోరులో మచ్చ చెరిపేస్తానన్నాడు. పొద్దు గూకేలోగా ఇచ్చి రావాలి.

తిప్పేష్ చేసిన తప్పల్లా బామ్మర్దికి పేరివ్వడమే. ఈ వైపు పక్కింటికి పార ఇచ్చినట్టు పేరిస్తారు. బండి ఒకడిది, లోను ఇంకొకడి పేరున. బామ్మర్ది నాలుగు నెలల కంతులు కట్టి, బండితో సహా కనపడకుండా పోయాడు. ఇప్పుడు సొంత ఆటోకు లోనంటే ఏ బ్యాంకూ తిప్పేష్ మొహం చూడదు. సొంత ఆటో వస్తే బెంగళూరులో బట్టలు కుట్టే సరళ ఇంటికొచ్చేస్తుంది. పెళ్లాం చేతి సంగటి తిని ఎన్నాళ్లయిందో తలుచుకుంటే అతనికి ముద్ద దిగదు.

"స్కోరుదేముంది లేప్పా," కుళ్లాయప్ప మొదలుపెట్టాడు. "నాది ఐదునూర్లు ఉండె. పాత బస్టాండు కాడ అంగడి పెట్టినాడే, ఇంకో చెరిపేటాయప్ప, ఆయప్పకు దుడ్లిచ్చి చా తాగొచ్చే లోపల ఏడునూర్లయింది."

"అంత బిన్నా, ఒక్క చా తాగే లోపలే?" అన్నాడు ఆటో ఆంజి.

"ఆడ నిలిస్తే కదా! రాత్రి పండుకుంటే ఫోను గుయ్యిమంటాది. ఎనిమిదినూర్లు. తొమ్మిదినూర్లు."

"తొమ్మిదినూర్ల పైన ఉండదంట గదా?"

"మీకు ఉండదు. నాది పదమూడునూర్లు దాటి ఫోను కాలిపోతాంటే నీళ్ల తొట్లో ఏసినా. నీళ్లు సలసలా తెర్లినాయి. ఆ నీళ్లతోనే ఇంట్లో సంగటి కెలికిరి. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? తెల్లారితే బ్యాంకు మేనేజరు మా వాకిట్లో! చెప్పులు చేతిలో పట్టుకోని, 'కుళ్లాయప్పగారూ, ఏదో ఒక లోను తీసుకోండి' అంటాడు. ట్రాక్టరా అనె, వద్దంటి. మిద్దె అనె, వద్దంటి. వాన ఇయ్యి అంటి."

"వానా?" మారెమ్మ టీ వడకట్టడం ఆపింది.

"వానేమ్మా! కంతుల లెక్కన. ఆయప్ప వణుక్కుంటా పై ఆఫీసుకు ఫోన్ చేసె, వాళ్లు ఇంగా పైకి చేసిరి. మధ్యాన్నానికి మేఘాలొచ్చి యాడికి మీద వరసగా నిలబడి, కుళ్లాయప్ప చేను యాడుండాదని అడుగుతాన్నాయి! కురిసె సూడు! చెట్టు పెరికితే ఒక్కో చెనిక్కాయ గుమ్మడికాయంత. బోర్లు చిమ్మిన చిమ్ముడుకు మోటర్లు ఎగిరి రైలుకట్ట మీద పడె. మన సీమలో వాన పడిందని తెలిసి బెంగళూరులో ఉండే మనోళ్లు మిషన్లు ఆడికాడ నిలిపి రైలెక్కిరి. చాలక ఇంగో నూరు పెట్టెలు తగిలిచ్చిరి. ఇంజను ఈడ గుంతకల్లులో, ఆఖరి పెట్టె ఇంగా ధర్మవరం దాటలే! అల్లుడా తిప్పేషా, నాలుగో పెట్టెలోనించి మీ సరళ దిగె. చేతిలో సంచి. ఇంగ బెంగళూరుకు పోను మామా అనె."

అందరూ విరగబడి నవ్వారు. తిప్పేష్ మాత్రం స్టేషన్ వైపు చూశాడు. అబద్ధమని తెలుసు, అయినా ప్రాణం లాగింది. జేబు తడుముకుంటూ లేచాడు.

"పోయి ఇచ్చొస్తా మామా. నీకయినప్పుడు నాకు కాదా?"

కుళ్లాయప్ప ఖాళీ గ్లాసు నోటికెత్తుకున్నాడు.

"ఓ కుళ్లాయన్నా," అంది మారెమ్మ. "అంత స్కోరు ఎక్కినోడివి, పని లేనప్పుడల్లా ఆ పాత బస్టాండు అంగడి మెట్టు మీద ఎందుకు కూర్చుంటావు? తలుపుకు బీగం పడి నెలయింది గదా!"

"బీగమా? అది నా స్కోరు వేడికి..." అని కుళ్లాయప్ప ఆగిపోయాడు. "యానాటికన్నా తెరుస్తాడేమో అని," అన్నాడు మెల్లగా.

తిప్పేష్ చెయ్యి జేబు మీదే ఉండిపోయింది.

"నిజంగా ఉండే బాకీని ఎవుడూ చెరపలేడు తిప్పేషా," అంది మారెమ్మ. "ఆ సిబిల్ రిపోర్టు ఎవురైనా ఊరికెనే సూడొచ్చు. మా సంఘం లోను నేను కట్టినా కట్టలేదని పడుండె. రసీదు పెట్టి సిబిలోళ్లకు రాస్తే వాళ్లే సరిచేసిరి, దుడ్లడగలే. నీది తప్పు రాసింది కాదు, ఉండే బాకీనే. ఆ జేబులోది బండికి లోనిచ్చిన ఫైనాన్సోళ్లకు కట్టు. మిగిలింది కూడా తీర్చి, బాకీ లేదని కాగితం తీసుకో. ఇంగ ఏ కంతూ తప్పొద్దు. స్కోరు నిదానంగా ఎక్కుతాది."

"ఎన్నాళ్లక్కా?"

"ఏడాది పట్టొచ్చు. ఇంగా ఎక్కువే పట్టొచ్చు."

తిప్పేష్ మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. సరళకు ఫోన్ చేశాడు. అవతల మిషన్ల రొద.

"సరళా, ఈ ఉగాదికి నువ్వు ఇంటికొచ్చేది కాదులే. ఇంగో ఏడాది అయితాదేమో."

"నేను పంపించిన దుడ్లు ఆ చెరిపేటాయనకు ఇచ్చేస్తివా?" అంది సరళ.

"లే. జేబులోనే ఉండాయి."

"సామీ," అని ఊపిరి వదిలింది. "ఆ దుడ్లకు ఎన్ని చొక్కాలు కుట్టినానో నీకేం తెలుసు."

కుళ్లాయప్ప చెయ్యి చాచి ఫోన్ లాక్కున్నాడు. "అమ్మా సరళా, బెంగళూరు రైల్లో నాలుగో పెట్టెలో కిటికీ సీటు నీకే పెట్టిచ్చినా. నువ్వొచ్చేదాకా దాంట్లో ఎవుర్నీ కూర్చోనియ్యను!"

ఈసారి బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. అవతల సరళ ఒక్కతే, బెంచీ దాకా వినపడేలా నవ్వింది. ఆ నవ్వు విని తిప్పేష్‌కు ఏడుపొచ్చింది.