ఆమె మింగే మాత్ర

అడవులదీవిలో వల లాగుతుంటే అతని కాల్లో చేపముల్లు దిగింది. పుండు ఏ యాంటీబయాటిక్‌కూ లొంగకపోవడంతో తెనాలి ఆసుపత్రిలో చేర్చారు. బయట డాక్టరమ్మతో మాట్లాడాక భార్య వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఏమందే? కాలు తీసేస్తారా?"

"ఇప్పుడే కాదంటండీ. సూదిమందుతో పాటు ఇంకోటి కలిపి చూస్తారంట. కీళ్లవాతం మందు. నేను మింగే మాత్రే."

"నీ వేళ్ల నొప్పులకీ నా పుండుకీ ఏంటి సంబంధం?"

"ల్యాబులో దాంతో ఈ మొండి క్రిములు చచ్చినయ్యంట. మనుషులకి ఇచ్చి ఇప్పుడిప్పుడే చూస్తన్నారు. తగ్గుద్దని మాటివ్వలేం, మీకిష్టమైతేనే అన్నారు."

"నీకు భయంగా లేదా?"

"మీ కాలు పోద్దేమోనని భయం. ఆ మాత్ర అంటే భయమేంటి? ఇన్నేళ్లుగా నా ఒంట్లోనే ఉందిగా."

"నీ ఒంటికి పడింది నాకూ పడుద్దిలే. సరేనని చెప్పు."

కొన్నాళ్లకు కట్టు విప్పిన నర్సు, చీము ఆగిందని, కొత్త కండ పడుతోందని చెప్పి వెళ్లింది. భార్య అతని పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీ వేళ్లేంటే ఇంతలా వాచినయ్?"

"నా మాత్రలు ఇంటికాడే ఉండిపోయినయ్యండీ. మిమ్మల్నొదిలి ఎట్టా వెళ్లను?"

"ఇన్నాళ్ల నుంచీ నొప్పి ఓర్చుకుంటన్నావా?"

"మీ కాలు నిలబడిందిగా."

"పోయి డాక్టరమ్మని పిలువు. ఆ మాత్ర ఇద్దరికీ రాయమంటాను."