ఒకటో సీటులో కూర్చున్నదెవరు

యూ టీ మెట్రో స్టేషన్ ఎదురుగా కాఫీ షాపు, మధ్యాహ్నం భోజనాల వేళ. సంబంధాలు కుదిర్చే కాత్యాయని ఆంటీ ఫోన్ చేసి రమ్మంటే పెళ్ళిచూపులకని వుడ్‌ల్యాండ్స్ నుంచి వచ్చాడు అభిజిత్. వరంగల్ వాడు, బ్యాంకులో కంప్యూటర్ల పని. చూడాల్సిన అమ్మాయి కావ్యశ్రీది తెనాలి. ఆమె ఇంతవరకు తల ఎత్తలేదు. సిగ్గూ కాదు, చింతకాయా కాదు. బల్ల మీద ల్యాప్‌టాప్‌కు తగిలించిన చిన్న కంప్యూటర్ బోర్డు ఆన్ చేస్తే లేవడం లేదు. ఆంటీ పక్క బల్ల దగ్గర కూర్చుని, విననట్టు వింటోంది.

"మళ్ళీ చచ్చింది."

"ఏమంటున్నది?"

"అదే పాట. కెర్నెల్ లేచింది, చిప్పులన్నీ పలికాయి, తీరా సిస్టం ఉండే రూట్ డిస్కు దగ్గరకొచ్చి ప్యానిక్ అని పడిపోయింది. మీరు టీ తాగండి, చల్లారిపోతోంది."

"రూట్ దొరకలేదంటున్నదా, దొరికింది గానీ లోపల ఏం లేదంటున్నదా?"

"రెండూ ఒకటే కదా."

"కాదండీ. ఇల్లు దొరకకపోవుడు వేరు, దొరికినంక లోపల మనుషులు లేకపోవుడు వేరు. చివరి వరస చదువున్రి."

"మొదట నడవాల్సిన ఇనిట్ ప్రోగ్రాం కనబడలేదు అంటోంది."

"అంటే ఏదో ఇల్లు దొరికింది. మనది కాదు."

"ఎవరిల్లయితే నాకెందుకండీ. రెండింటికి కస్టమర్ వస్తున్నాడు. లిఫ్టు ఆగిపోతే ఆఫీసుకి కబురు పంపే పెట్టె ఇది. ఇది లేవకపోతే మా బాసు పని ఇంకొకరికిచ్చేస్తాడు. ఈ దేశంలో ఉండనిచ్చే నా వర్క్ పాసు వచ్చే నెలతో సరి, పొడిగించడు."

"అంటే?"

"అంటే తెనాలి బండెక్కాలి. మీరిక్కడిదాకా రావడం కూడా దండగ."

"అట్లెందుకంటరు, చూద్దాం. చిప్పు వేడెక్కి గిట్ల అయితదా?"

"మీరు చెప్పండి, పెద్ద ఇంజనీరు కదా."

"నాకు తెల్వదు."

"హహ్హ."

"ఎందుకు నవ్విన్రు?"

"ఊరికే. కానివ్వండి."

"నిన్న లేచిందా?"

"నిన్నా లేచింది, పొద్దునా లేచింది."

"పొద్దుటి నుంచి ఏం మార్చిన్రు?"

"ఏమీ మార్చలేదు."

"ఏదో ఒకటి మార్చే ఉంటరు…"

"మార్చలేదంటున్నానా."

"సరే, సరే. ఆంటీ సైగ చేస్తున్నది. మీ హాబీలు అడగాలట."

"ఇదే నా హాబీ. చెప్పండి ఆవిడకి."

"వద్దులే. అసలు ఆంటీ నన్నెట్ల పట్టుకున్నదో ఇప్పటికీ సమజ్ కాలే. ఎవరో ఏందో తెల్వకుండ నేరుగా ఫోన్ చేసి, అభిజిత్ అంటే నువ్వేనా అన్నది."

"ఆవిడ అంతే. ఇటు చూడండి, మళ్ళీ పోయింది."

"ఒక్క నిమిషం. ఈ బోర్డుకు రెండు డ్రైవులు గుచ్చి ఉన్నయేంది?"

"నల్లదాంట్లో సిస్టం మొత్తం ఉంది."

"ఎర్రది?"

"దాన్నొదిలెయ్యండి."

"ఎర్రదాంట్ల ఏమున్నది?"

"పెన్‌డ్రైవండీ. ఆంటీ ఇచ్చింది. పారేసుకోకు అంటే, ఖాళీగా కనబడితే అక్కడ గుచ్చాను."

"ఎప్పుడిచ్చింది?"

"పొద్దున."

"పొద్దున. ఏం మార్చలేదన్నరు."

"…అది మార్చడం కిందికి వస్తుందనుకోలేదు."

"ఇగో, మీరు టిష్యూ ప్యాకెట్ పెట్టి ఈ బల్ల మనదని చోప్ చేసిన్రు కదా. నేనొచ్చేలోపల ఆ ప్యాకెట్ పక్కకు నెట్టి ఇంకెవరో తాత కూర్చున్నడనుకోండి. నాకు ఒకటో బల్ల అని మాత్రమే చెప్పి ఉంటే?"

"తాతతో అయిపోయేవి పెళ్ళిచూపులు."

"గంతే. మొదటి డిస్కుల వెతుకు అని బోర్డుకు రాసి పెట్టిన్రు. ఎర్రది ముందు లేచి ఒకటో సీటు పట్టుకున్నది. కెర్నెల్ పోయి తాత ముందు కూర్చున్నది."

"ఛ. అయితే పీకేస్తాను."

"పీకకండి. ఇయ్యాల మీరు గుచ్చిన్రు, రేపు లిఫ్టుల ఇంకొకరు గుచ్చుతరు. ప్రతి డిస్కుకూ దానికే ఉండే పేరొకటి ఉంటది. ఆ నంబరు కొట్టేసి, పేరు పెట్టి వెతకమనున్రి. ఎన్నో సీటుల కూర్చున్నా దొరుకుతది."

"ఎర్రది అలాగే ఉండగానా?"

"అది ఉండంగ లేస్తేనే లేచినట్టు."

"ఉండండి, రాస్తున్నా… కెర్నెల్… చిప్పులు… రూట్… లాగిన్ అడుగుతోందండీ."

"హమ్మయ్య. తెనాలి బండి క్యాన్సిల్."

"ఉండండి, ఇంకోసారి లేపి చూస్తా… లేచింది. నల్లది రెండో సీట్లో ఉంది, అయినా పట్టుకుంది. ఎర్రది ఒకటో సీట్లోనే ఉంది, ఇదిగో, దాని లోపలివి కూడా తెర మీద కనబడుతున్నాయి."

"ఏందివి, అన్నీ ఫోటోలేనా? అందరూ సూట్లేసుకున్నరు."

"చూడకండి. పెళ్ళికొడుకులు. ఆంటీ జీతం వరసన నంబర్లేసింది. ఒకటో నంబరు ఇక్కడి సిటిజన్, రెండో నంబరు ఇక్కడే స్థిరపడ్డ పీఆర్. పేరన్నది ఒక్కడికీ లేదు. సంతలో ఎడ్లకైనా పేరుంటుంది, ఈ మగాళ్ళకి లేదు."

"అంటే కెర్నెల్ పాపం, రూట్ కోసమని పోయి వీళ్ళందరి ముందు కూర్చున్నదా."

"ప్యానిక్ అవదూ మరి."

"కావ్యశ్రీ గారూ, ఇందుల నేను ఎన్నోవాణ్ణి?"

"టీ తాగండి."

"చివరి దాకా చూసిన. నేను లేను."

"లేరు."

"ఆంటీ మరిచిపోయిందా?"

"మార్చిలో లినక్స్ వాళ్ళ మీటింగ్‌లో మాట్లాడారు మీరు. వెనక నుంచి ఒకమ్మాయి ఏదో అడిగితే మైకులో నాకు తెల్వదు అన్నారు, హాలంతా వింటుండగా."

"యాది చేయకండి, పరువు పోయిందా రోజు. ఆ అడిగింది మీరా?"

"అవును. ఈ ఊళ్ళో ఆ మాట అన్న మగాణ్ణి మొదటిసారి అప్పుడే చూశాను. ఆంటీ పొద్దున కూడా ఒకటో నంబర్ని చూడమని ఎర్రది చేతిలో పెట్టింది. నంబర్లు నాకొద్దని ఎప్పుడో చెప్పాను. మిమ్మల్ని పేరు పెట్టి వెతికించింది నేనే."