కుట్టు పడిన సముద్రం

(ఒక ఫోటో స్టూడియో. మధ్యాహ్నం, గిరాకీ రాని వేళ. ఫోటోగ్రాఫరూ ఆయన భార్యా అద్దాల తలుపు దగ్గర గుసగుసలాడుతున్నారు. భార్య చెల్లెలు అవతల రోడ్డు దాటడానికి నిలబడి ఉంది.)

"పడవ. గుర్తుపెట్టుకో. విమానం దిగి పడవెక్కాం."

"అమ్మకి కారని చెప్పాం కదండీ?"

"ఎవరు చెప్పారు?"

"మీరే. దారి పొడుగునా కొబ్బరి చెట్లే అత్తయ్యా అన్నారు. సముద్రంలో దారి పొడుగునా కొబ్బరి చెట్లు ఎలా ఉంటాయి?"

"సరే. ముందు పడవ, తర్వాత కారు."

"ముందు కారేమో."

"నీకు దణ్ణం పెడతాను, నువ్వు నోరు తెరవకు. మీ చెల్లెలు ఏమడిగినా నేను చెప్తాను. నువ్వు తలూపు, చాలు."

"అసలు ఇదంతా ఎవరి నిర్వాకం? కొత్త లైట్లు ఎలా ఉన్నాయో చూడాలి, ఆ సముద్రం బొమ్మ తెర ముందు కాసేపు కూర్చోమన్నారు. కూర్చున్నాను. పక్కన మీరూ కూర్చున్నారు. ఫోటో పడింది. బాగానే ఉంది. దాన్ని లైట్లు అమ్మినతనికి పంపమంటే మా ఇంటివాళ్ల గ్రూపులో పడేశారు."

"వేలు జారింది."

"జారితే తీసెయ్యొచ్చుగా."

"తీసేలోపే మీ అమ్మ రాసేసింది కదే. ఇన్నాళ్లకి నా కూతుర్ని నాలుగు గోడల్లోంచి తీసి ఏదో దీవిలో రిసార్టుకి తీసుకెళ్లావు, చల్లగా ఉండు నాయనా అని. పెళ్లయిన దగ్గర్నుంచి ఆవిడ నన్ను నాయనా అన్న పాపాన పోలేదు. ఒక్కసారి అన్నాక, కాదండీ, అది దీవి కాదు, తెర అని నేనెలా చెప్పను?"

"చెప్పలేకే కదా, ఇంటికి పోతే వీధివాళ్లు చూస్తారని, షట్టర్ దించుకుని వారం రోజులు ఈ వెనకగదిలో పడి ఉన్నాం."

"మెల్లగా మాట్లాడు. ఏం, బాగాలేదా ఆ వారం?"

"బాగాలేదని నేనన్నానా? గిరాకీ లేదు, తలుపు కొట్టేవాళ్లు లేరు. మీరు వంట చేశారు. ఎవరికీ చెప్పుకోలేను, అదే నా బాధ."

"వచ్చేస్తోంది. నవ్వు."

"తెర దించే ఉందండీ."

"చుట్టెయ్యనా?"

"ఇప్పుడు చుడితే ఇంకా అనుమానం. దానికి అడ్డంగా నిలబడండి."

"ఏంటక్కా, నేను రాగానే ఇద్దరూ ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డారు?"

"రావే చిట్టీ, రా. నీ గురించే అనుకుంటున్నాం."

"అదేంటి, నాకు పొలమారనే లేదు. సరే, బావా, నాకు ఎక్కువ టైము లేదు. ఉన్నమాట చెప్పేస్తాను. మేమూ వెళ్తున్నాం."

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికేంటి బావా, మీరెళ్లిన దీవికే. ఆ రిసార్టుకే. అక్కా, నీకేమైంది? అలా పాలిపోయావేంటి?"

"నాకేమవుతుంది. సంతోషమేగా. కానీ అంత దూరం ఎందుకే? రెండు విమానాలు మారాలి."

"మూడు."

"రెండే కదండీ."

"పోయేటప్పుడు రెండు. వచ్చేటప్పుడు మూడు."

"వచ్చేటప్పుడు దూరం పెరుగుతుందా బావా?"

"గాలిని బట్టి ఉంటుందమ్మా."

"అలాగా. నాకివన్నీ తెలియవు, అందుకే మిమ్మల్ని అడుగుదామని వచ్చాను. తర్వాత నన్ను ఎవరేమడిగినా తడుముకోకూడదు. దిగాక ఎలా వెళ్లాలి?"

"పడవ."

"కారు."

"పడవా, కారా?"

"కారునే పడవలోకి ఎక్కిస్తారు. అక్కడ అంతే."

"అక్క ఉన్నట్టుండి నోరు మూసుకుని తలూపుతోందేంటి?"

"ఆ పడవ పేరెత్తితే చాలు, దానికి ఇప్పటికీ తల తిరుగుతుంది."

"కారులో కూర్చుంటే కూడానా? సరే, గది సంగతి చెప్పండి. నాకు ముఖ్యం గదే."

"గదా. గదంటే, ఏముంది, పెద్ద రిసార్టు కదా, గది కూడా..."

"చిన్నదే. ఇద్దరికి సరిపోతుంది. కాస్త సర్దుకుంటే నలుగురైనా పడుకోవచ్చు."

"నిన్ను తలూపమన్నాను."

"చెప్పనివ్వండి బావా. కిటికీ ఉందా అక్కా?"

"ఒకటుంది. తెరవకూడదు. బయటివాళ్లు చూస్తారు."

"మరి సముద్రం?"

"సముద్రం ఎక్కడికి పోతుందే, గదిలోంచి అడుగు బయట పెడితే ఎదురుగా అదే."

"ఉక్కపోస్తుందా?"

"పగలు కాస్త. ఫ్యానుంది గానీ గరగరలాడుతుంది."

"అంత పేరున్న రిసార్టులో గరగరలాడే ఫ్యానా?"

"అలలమ్మా. అలల చప్పుడు. మీ అక్కకి దానికీ దీనికీ తేడా తెలియదు."

"తిండి?"

"మనమే వండుకోవచ్చు. చిన్న పొయ్యి ఉంటుంది."

"దీవికెళ్లి వంట చేశావా అక్కా?"

"నేనెందుకు చేస్తాను? మీ బావ చేశారు."

"బావకి వంటొచ్చా?"

"నాకూ అక్కడికెళ్లాకే తెలిసింది. పొద్దున లేచేసరికి టీ చేతికిచ్చేవారు. నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూసేవారు, పంచదార సరిపోయిందా అని. నిజంగా చెప్తున్నానే, నా పెళ్లయ్యాక అలాంటి వారం ఇంకోటి లేదు."

"చాల్లే, మరీ విప్పి చెప్పకు."

"మీరు సిగ్గుపడటం కూడా ఇప్పుడే చూస్తున్నాను బావా. స్నానానికి నీళ్లు?"

"తెల్లారగానే పట్టుకోవాలి. ఆలస్యమైతే పోతాయి."

"సముద్రం మధ్యలో నీళ్లు పోవడమేంటక్కా?"

"అది మంచినీళ్ల సంగతి చెప్తోందమ్మా. ఉప్పునీళ్లకేం, కావలసినన్ని."

"ఇంకోటి. ఎండలో తిరిగొచ్చిన మనుషులు కమిలిపోయి వస్తారు. మీరేమో వెళ్లినప్పటికంటే తెల్లబడి వచ్చారు."

"గొడుగు."

"ఇద్దరికీ ఒకటే గొడుగా?"

"పెద్దది."

"అదిగో, ఆ మూల లైటుకి తగిలించారే, అలాంటిదా?"

"ఆ, ఇంచుమించు అలాంటిదే."

"ఫోటోలో అక్క భుజం పక్కన సముద్రంలో నిలువుగా ఓ గీత ఉంది బావా. ఏంటది?"

"గీతా? గీతేం లేదే."

"పెద్దది చేసి మరీ చూశాను."

"ఓ, అదా. తాడు. తెరచాప తాడు."

"అలల్లోంచి ఆకాశం దాకా ఉంది."

"పెద్ద పడవ."

"కార్లెక్కే పడవ కదా, పెద్దదే అయ్యుంటుంది. ఉండండి, లోపలికెళ్లి కాసిని మంచినీళ్లు తాగొస్తాను."

"నేను తెస్తానుండు."

"నువ్వు కూర్చో అక్కా. కొత్తదాన్నా ఏంటి?"

"ఏమండీ, గదిలోకి వెళ్లింది."

"వెళ్లనీ. అక్కడేముంది?"

"పొయ్యుంది. మంచముంది. ఇంతసేపూ నేను చెప్పినవన్నీ ఉన్నాయి."

"అందుకే నిన్ను తలూపమన్నది. రిసార్టు గురించి చెప్పమంటే మన గది గురించి చెప్తావేంటి?"

"నాకు తెలిసింది చెప్పాను. తెలియనిది చెప్పడానికి మీరున్నారుగా."

"ఇప్పుడేం చేద్దాం?"

"అది నిజంగానే వెళ్తే? అక్కడ పొయ్యీ ఉండదు, కారెక్కే పడవా ఉండదు. అక్కణ్ణుంచి అమ్మకి ఫోను చేస్తుంది. అమ్మ మిమ్మల్ని మళ్లీ నాయనా అంటుందా?"

"అదొక్కటీ గుర్తుచెయ్యకు."

"నీళ్లు బావున్నాయక్కా. లోపల మంచం ఎప్పుడు వేశారు?"

"మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడానికమ్మా. ఇంతకీ, ఉన్నట్టుండి ఈ ప్రయాణమేంటి? మీ ఆయనకి కడుపులో చల్ల కదలకుండా ఇంట్లో కూర్చోవడం ఇష్టం కదా?"

"మీ ఫోటో పుణ్యమే బావా. నేను పనిచేసే యూనిఫారాల షెడ్డులో, నా లైనులో వరసగా మిషన్ల మీద కూర్చునే ఆడవాళ్లందరికీ మురిసిపోయి నేనే చూపించాను, మా అక్క చూడండి అని. ఆ రోజు నుంచి మొదలు. మీ అక్క వెళ్లింది, నువ్వెప్పుడు? మీ అక్క వెళ్లింది, నువ్వెప్పుడు? సూపర్‌వైజరమ్మ అయితే నేను కాలరు కుట్టడం ఆలస్యమైనా, ఈవిడ మనసు దీవిలో ఉందిలే అంటుంది. ఓ రోజు ఒళ్లు మండి, వెళ్తున్నాం, వచ్చే వారమే వెళ్తున్నాం అనేశాను."

"అయ్యో."

"అంతే. సూపర్‌వైజరమ్మ అడక్కుండానే సెలవిచ్చేసింది. ఒకామె గవ్వలు తెమ్మంది. ఒకామె ఇసుక తెమ్మంది, సీసాలో పోసుకుంటుందట. లైను చివర కూర్చునే పెద్దావిడ నాకు ఎండ తగలకూడదని తన చేత్తో టోపీ కుట్టింది. పువ్వు కూడా పెట్టింది."

"కాదని చెప్పెయ్యాల్సిందే."

"టోపీ కుట్టాక నువ్వయితే చెప్పగలిగేదానివా అక్కా?"

"నన్నడక్కు."

"అసలు మీరిద్దరూ మాతో వస్తే గొడవే ఉండదు. తెలిసిన దారి కదా. అక్కకి ఆ గది అంత నచ్చిందాయె."

"మేమా? మొన్ననే వెళ్లొచ్చాం. కొట్టు మూసుకుంటే ఎలా?"

"పోనీ లెండి. ఇదిగో, ఫోనులో అన్నీ నింపేశాను. ఇక్కడ నొక్కితే అయిపోయినట్టే. బావా, మీరు నొక్కండి. దీవికెళ్లొచ్చిన చెయ్యి."

"నా వేలొద్దమ్మా. జారుతుంది."

"అక్కా, నువ్వు నొక్కు మరి."

"వద్దు."

"ఏం?"

"వద్దంటే వద్దు. ఏమండీ, చెప్పేద్దాం."

"ఏం చెప్పేద్దాం? చెప్పడానికేం లేదు. దీనికి పడవ గుర్తొచ్చి..."

"పడవా లేదు, పాడూ లేదు. చిట్టీ, మేమెక్కడికీ వెళ్లలేదే. అది దీవి కాదు. ఇదిగో, మీ బావ ఇందాకట్నుంచి అడ్డంగా నిలబడ్డారే, ఈ తెర. ఆ వారమంతా ఇక్కడే ఉన్నాం, ఆ వెనకగదిలో."

"గరగరలాడే ఫ్యాను?"

"పైన అదే."

"తెల్లారగానే పట్టుకునే నీళ్లు?"

"మన కుళాయే. నువ్వు తిట్టు, పడతాను. నా మూలంగా నువ్వు అందరిలో మాట పడ్డావు. కానీ అమ్మకి మాత్రం చెప్పకే. ఆవిడ నన్నేమన్నా సరే. ఈయన్ని మాత్రం ఇప్పుడిప్పుడే మనిషిలా చూస్తోంది."

"హమ్మయ్య."

"హమ్మయ్య ఏంటమ్మా?"

"మీ అంతట మీరు చెప్తారా, ఇంకా పడవలోనే తిప్పుతారా అని చూస్తున్నాను బావా. ఫోటో వచ్చిన రోజే నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"రెండేళ్ల కింద కెమెరా స్టాండు పడి ఈ తెర నిలువునా చిరిగితే కుట్టిందెవరు?"

"నువ్వే."

"నీలం దారం మధ్యలో అయిపోతే ఆకుపచ్చ దారంతో ముగించిందెవరు? నా కుట్టు నేను పోల్చుకోలేనా? తెరచాప తాడట."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదేంటే?"

"అమ్మ ఆ ఫోటో పక్కింటికీ ఎదురింటికీ పట్టుకెళ్లి చూపిస్తోంది. నేనేం అంటాను? నిజం చెప్పనా అక్కా, నువ్వు సముద్రం చూశావని నాకూ నమ్మాలనే ఉండింది. ఆ గీత మీద వేలు పెట్టి దాచుకుని కాసేపు చూశాను కూడా."

"ఏడిపించకే."

"ఏడవకు. అంత టైము లేదు."

"అన్నీ తెలిసి ఇన్ని ప్రశ్నలెందుకమ్మా అడిగావు? నాకు చెమటలు పట్టాయి."

"తిరిగొచ్చాక అమ్మ నన్నూ ఇవే అడుగుతుందిగా. మీ మాటా నా మాటా కలవకపోతే నలుగురం ఒకేసారి దొరుకుతాం. ముందు మీరిద్దరూ పడవో కారో తేల్చుకోండి."

"తిరిగొచ్చాకేంటి? నన్ను నొక్కమన్నావు, టిక్కెట్లు..."

"అది మా కరెంటు బిల్లు బావా. టిక్కెట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"మరి సెలవు? గవ్వలు? ఆ టోపీ?"

"టోపీ ఇదిగో, సంచిలో ఉంది. గవ్వల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఫోటో మాత్రం జాగ్రత్తగా తీయాలి బావా. కుట్టుకి అడ్డంగా మా ఆయన్ని నిలబెట్టండి. అక్క భుజం కంటే వెడల్పు."

"ఫోటో సరే. రేపు నీ షెడ్డువాళ్లు మీ వీధిలోకి వస్తే? ఇంట్లో దీపం వెలిగితే చాలు, దొరికిపోతావు. సెలవు అయ్యేదాకా ఎక్కడ దాక్కుంటారే?"

"అందుకేగా అక్కా, గది గురించి అంతసేపు అడిగింది. పొద్దున మా లైనువాళ్లంతా వచ్చి చేతులూపి మరీ ఎయిర్‌పోర్టు బస్సెక్కించారు. రెండో స్టాపులో దిగిపోయాం, మా ఆయన పెట్టెలతో వెనక సందులో నిలబడి ఉన్నాడు, ఎవరూ చూడకముందే షట్టర్ దించండి బావా."