శేషగిరి పప్పుచారు

రా అమ్మా, రా. ఎండన పడి వచ్చావు, ముందు కూర్చో. నువ్వు మా బసవపున్నయ్య మనవరాలివి కదూ? స్నిగ్ధ. చెప్పక్కర్లేదులే, ఆ నుదురు అచ్చం మీ తాతదే. అంకుల్ అంటావో తాతగారూ అంటావో నీ ఇష్టం. హిందీలో మాట్లాడినా నాకేం ఇబ్బంది లేదు, పెళ్ళయిన కొత్తలో వచ్చిపడ్డాను ఈ ఢిల్లీకి. ఊఁ, ఏవిటి సంగతి? శేషగిరి గురించా? తెలుగు సంఘం వాళ్ళు పంపారా నిన్ను? ఓహో, వాడి పేరు మీద ఏటేటా ఉపన్యాసం పెడుతున్నారా! అచ్ఛా. దానికి నా జ్ఞాపకాలు కావాలా. ఠీక్ హై. ఆర్థిక శాఖలో జాయింట్ సెక్రటరీగా రిటైరయినవాణ్ణి నేను, సంఘానికి అధ్యక్షుడిగా చేసినవాణ్ణి నేను, నా పేరు మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ కూడా ఎవరూ పెట్టలేదు. ఏవన్నావు, బతికున్నవాళ్ళకి పెట్టరా? అదీ నిజమేలే. ఆ విషయంలో కూడా శేషగిరి నాకంటే ముందున్నాడు. వాడు పోయి పద్నాలుగేళ్ళయింది, ఇంకా వాడి పేరే మోగుతోంది.

సరే, నువ్వూ సివిల్స్‌కి చదువుతున్నావుట కదా, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగు. అయితే నీకు చెప్పడం తేలిక. పొద్దున్న పేపరు చూశావా? ద్రవ్యోల్బణం పదకొండు దాటిందని ఒకటే గోల. రిజర్వ్ బ్యాంకు ఏం చేస్తోంది? బ్యాంకుల దగ్గరున్న డబ్బులోంచి ఇంకాస్త లాక్కుని తన దగ్గర అట్టే పెట్టుకుంటోంది. చేతిలో డబ్బు తగ్గితే ధర తగ్గుతుందని. ఈ రెండువేల ఎనిమిదిలో ఇదేదో కొత్త వింతలాగా టీవీలో అరుస్తున్నారు గానీ, డెబ్భై నాలుగులో మేం పడిన బాధ ముందు ఇదెంత? అప్పుడు నేనూ శేషగిరీ ఒకే గదిలో కూర్చునేవాళ్ళం. నాకంటే జూనియరు. ఇస్త్రీ ఎరగని బుష్‌షర్టు, జేబు దగ్గర ఇంకు మరక, ఎప్పుడు చూసినా వక్కపొడి నములుతూ ఉండేవాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లోనే భోజనం. నేనే పిలిచానమ్మా మొదట! పాపం ఒంటరివాడు కదా అని. అక్కణ్ణుంచి నేను పిలవక్కర్లేకపోయింది.

తినడం కూడా ఒక కళ వాడికి. ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "సరోజగారూ, ఈ మెంతులు ఎప్పుడు వేశారండీ? పోపులోనా, ముందే వేయించి పొడి కొట్టారా?" అని అడిగేవాడు. సరోజ అంటే మా ఆవిడ. ఆవిడేమో గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి మెంతుల చరిత్రంతా చెప్పేది. అన్నేళ్ళు తిన్నాను నేను, ఒక్కనాడు పేరు పెట్టానా? పేరు పెట్టలేదంటే బాగుందనేగా అర్థం! వీడు మెంతుల గురించి అడిగితే ఆవిడ మొహం అలా విప్పారాలా? చెప్తున్నా వినమ్మా, నాకు ఒళ్ళు మండిపోయేది. ఇందులో దాచేదేం ఉంది, ఈ వయసులో.

ఆఁ, ఎక్కడున్నాం? డెబ్భై నాలుగు. అంతకు ముందు కరువు, యుద్ధం, ఆపైన పెట్రోలు ధర. కిరసనాయిలుకి క్యూలు, డాల్డాకి క్యూలు. అది చాలక సర్కారు లోటు పూడ్చుకోవడానికి నోట్లు కొట్టించింది. ఆఫీసులో రెండు ముఠాలు. పంటలు పోయాయి కాబట్టి ధరలు పెరిగాయి, వానలు పడితే అవే దిగుతాయి అనేది ఒక ముఠా. కాదు, అసలు సరుకుకి మించి డబ్బు వదిలాం, ఆ పంపు కట్టెయ్యందే లాభం లేదు అనేది నేను. షికాగో ఆర్థికవేత్తల పుస్తకాలు తెప్పించుకుని చదివానమ్మా, గీతలు గీశాను, పట్టికలు వేశాను. నేను రాసిన ఆఫీసు నోటు పైకి వెళ్ళింది. పై అధికారి, తమిళాయన, అద్దాలు నుదుటి మీదకి తోసి ఏమన్నాడో తెలుసా? "సీతారామయ్యా, వెరీ గుడ్, వెరీ సౌండ్. శేషగిరికి ఇచ్చి మనుషులకి అర్థమయ్యేలా రాయించు." మనుషులకిట! అంటే నేను రాసింది గొడ్లకా? వాడు దాన్ని అరపేజీ చేశాడు. ఆ అరపేజీయే పైదాకా వెళ్ళింది.

సరే, సర్కారు పంపు కట్టింది. ఎక్కడ కట్టిందంటావు? మా మీదే. మా ఉద్యోగుల పెరిగిన డీఏలో సగం చేతికివ్వకుండా కట్ చేసి, నిర్బంధ డిపాజిట్‌లో పడేసింది. తర్వాత వాయిదాల్లో ఇచ్చార్లే, వడ్డీతోనే. కానీ ఆ రోజున ఇంటింటా ఏడుపు. ఆర్.కె. పురం క్వార్టర్లలో మన తెలుగువాళ్ళందరూ, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఆదివారం సంఘం మీటింగులో మమ్మల్ని పట్టుకున్నారు. మేమే చేశామన్నట్టు! రైల్వే బోర్డులో పనిచేసే ఒకాయన భార్య కాంతమ్మగారని ఉండేది, ఆవిడ గొంతు కంచు. "మీ శాఖ వాళ్ళు మా నోటి దగ్గర కూడు లాక్కుంటారా? పాలవాడికి ఏం చెప్పమంటారు, డిపాజిట్‌లో ఉందని చెప్పనా?" అని నిలబడింది. నేను లేచాను. అధ్యక్షుణ్ణి కదా. బ్లాక్‌బోర్డు తెప్పించి, ఇది డబ్బు సరఫరా, ఇది ఉత్పత్తి, ఇది చలామణీ వేగం అని సుద్దముక్కతో మొదలుపెట్టాను. వేగం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఏడుస్తున్నారు, కాంతమ్మగారు నవ్వుతోంది. నవ్వంటే మంచి నవ్వు కాదు. "అయ్యా, ఆ గీత తింటే కడుపు నిండుతుందా?" అంది. హాలంతా ఘొల్లుమంది.

అప్పుడు లేచాడు శేషగిరి. బోర్డు వైపు చూడనైనా చూడలేదు. నీకు తెలియదులే, ఆ రోజుల్లో జి.టి. ఎక్స్‌ప్రెస్ దిగిన ప్రతి తెలుగువాడూ, ఇంటర్వ్యూకి వచ్చినా, మంత్రిగారి సంతకానికి వచ్చినా, ఎవరిదో అడ్రసు పట్టుకుని తిన్నగా క్వార్టర్లకే వచ్చేవాడు. ఉత్తరం ముక్క ఉండదు, ఏమీ ఉండదు, బెడ్డింగు చుట్టతో గుమ్మంలో నిలబడ్డమే. ఇల్లాలు ఏం చేస్తుంది? ఉడుకుతున్న పప్పుచారులో చెంబుడు నీళ్ళు పోస్తుంది. శేషగిరి అదే ఎత్తుకున్నాడు. "కాంతమ్మగారూ, పప్పు అంతే ఉంది, మీరు నీళ్ళు పోశారు. గిన్నె నిండుగా కనబడింది, అందరికీ రెండేసి గరిటెలు పడ్డాయి, ఆ పూట అందరూ సంతోషం. మర్నాడు పిల్లాడు, అమ్మా రెండు గరిటెలు చాలట్లేదు, మూడు పొయ్యి అన్నాడు. మీరు మళ్ళీ నీళ్ళు పోశారు. కొన్నాళ్ళకి చుట్టాలు రాకపోయినా మీ చెయ్యి దానంతటదే చెంబు మీదకి పోతుంది. సర్కారు చేసిందీ ఇదేనండీ" అన్నాడు. "ఇప్పుడు చిక్కబడాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగాడు. అడగడం వాడి జబ్బు. కాంతమ్మగారే చెప్పింది, "మరగనివ్వాలి" అని. "ఆఁ, మరగనివ్వాలి. మరిగేదాకా వంటిల్లు వేడి, అందరికీ ఆకలి, పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళ మీద అందరికీ కోపం. ఇప్పుడు మనం అక్కడ ఉన్నాం. ఇంకో మాట, గరిటె ఎవరి చేతిలో ఉన్నా పరవాలేదు, నీళ్ళ చెంబు మాత్రం కాస్త గట్టిమనిషి చేతిలో ఉండాలి" అన్నాడు. అంతే! తిట్టడానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. కాంతమ్మగారు వాడికి పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది. నేను చెప్పిందీ అదే కదమ్మా! అక్షరం తేడా లేదు. నాకు సుద్దముక్క మిగిలింది.

ఆ తర్వాత ఏమైందో ఎవరికీ తెలియదు. ఇదే నేను నీకు చెప్పాలనుకున్నది, ఇది సరిగ్గా ఎక్కించుకో. మీటింగు అయ్యాక ముగ్గురం నడిచి వస్తున్నాం. శేషగిరి మా ఆవిడ వైపు తిరిగి, "మీరు చెప్పినట్టే చెప్పేశానండీ సరోజగారూ, పనిచేసింది" అన్నాడు. నేను ఆగిపోయాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. విన్నావా? ఆ పప్పుచారు వాడిది కాదు! నీళ్ళు, మరగడం, చెంబు, అన్నీ ఆవిడవే. ఎస్సెల్సీ తప్పిన మనిషి! ఇంటికొచ్చాక అడిగాను, "ఇంత మాట నాకెందుకు చెప్పలేదు నువ్వు?" అని. "ఆయన అడిగారండీ" అంది. ధరలు ఎందుకు పెరిగాయని మీరనుకుంటున్నారు సరోజగారూ, అని అడిగాట్ట భోంచేస్తూ. అంతే, ఇంకేం చెప్పలేదు, పాలు తోడెయ్యడానికి వెళ్ళిపోయింది. అడగడం కూడా ఒక ఘనతేనా అమ్మా? రోజుల తరబడి దాని గురించే ఆలోచించాను నేను. ఆ ఇంట్లో అడగాల్సిన అవసరం ఏముంది? ఆవిడకి తోస్తే ఆవిడే చెప్పొచ్చుగా! నా ఎదురుగా కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేది, నేను షికాగో పుస్తకం చదువుకుంటూ ఉండేవాణ్ణి. మధ్యలో దూరం ఎంతనీ.

ఆ తర్వాత వాడు ఉద్యోగం మానేసి రాజిందర్ నగర్‌లో ఎవరిదో కారు షెడ్డు అద్దెకి తీసుకుని సివిల్స్ పిల్లలకి పాఠాలు మొదలుపెట్టాడు. పిచ్చివాడనుకున్నాను. లోపల ఎంత సంతోషించానో చెప్పలేను. ఆదివారాలు రావడం తగ్గింది, పాఠాలుండేవి కదా. మా ఆవిడేమో పప్పుచారు చేసిన రోజున, "ఆయన తిన్నారో లేదో" అనేది. ఆ మాటకి నాకు ముద్ద దిగేది కాదు. నేను జాయింట్ సెక్రటరీనయ్యాను, తెల్ల అంబాసిడర్ వచ్చింది. ఏం లాభం? మొన్నామధ్య ఓ పెళ్ళిలో ఒక కలెక్టరు పరిచయమయ్యాడు, బిహారీ కుర్రాడు. సీతారామయ్య, ఫైనాన్స్ అన్నాను. "అరే, శేషగిరి సర్ కే దోస్త్!" అని వంగి నా కాళ్ళకి దండం పెట్టాడు. ఆ దండం నాది కాదమ్మా. తీసుకోక చస్తానా, తీసుకున్నాను.

అందుకని ఇప్పుడు చెప్తున్నాను. మీ ఉపన్యాసం వాళ్ళకి చెప్పు. కాంతమ్మగారు పోయింది, మీ తాతకి ఆ రోజు మీటింగే గుర్తులేదు, మా ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. శేషగిరి గొప్పవాడే, కాదనను, కానీ ఆ పేరు తెచ్చిన మాట వాడిది కాదు, మా సరోజది. చెప్పు అలా. వేదిక మీద చెప్పించు. వాడి కిరీటంలోంచి ఆ ఒక్క రాయీ తీసేస్తే అప్పుడు చూద్దాం ఎంత మెరుస్తుందో. ఎందుకలా చూస్తావు? నీకు ముందే... ఏవిటీ? ఇంకోసారి చెప్పు. సరోజా రూల్? కోచింగులోనా? మీ సారు చెప్తారా, ఆయనకి వాళ్ళ సారు చెప్పారా... శేషగిరి మొదటి బ్యాచీ నుంచీనా! పప్పుచారు చెప్పిన ప్రతిసారీ ఆ పేరు చెప్పేవాడా? హిందీవాళ్ళూ అదే అంటారా, జియా సరాయ్ కోచింగుల్లో కూడానా? నువ్వేమనుకున్నావు మరి... ఎవరో పెద్ద ప్రొఫెసరనా? లండన్‌లో చదివిన ఆవిడనా! హవ్వ. ఈ మాట మా ఆవిడకి తెలుసో లేదో. వాడు చెప్పి ఉంటాడా? నాతో ఎప్పుడూ... ఊఁ.

అది సరేగానీ అమ్మా, పేరు ఎలా చెప్తారు? సరోజా సీతారామయ్య అంటారా?

...ఉట్టి సరోజ అనేనా.

పక్కన ఇంకేం లేదూ.

...ఆ కూలర్లో నీళ్ళున్నాయేమో చూడమ్మా, ఉక్కగా ఉంది.