ముందు సీట్లో ఐవీ

పానా ఆ పెయింటు డబ్బాలో ఉంటుంది చూడు, టెస్సా. అది కాదమ్మా, పక్కది. ఏంటి అలా పైకి చూస్తున్నావ్? ఓ, అదా! సైకిలే. రెండు సీట్లు, ముందొకళ్ళు వెనకొకళ్ళు కూర్చుని ఇద్దరూ తొక్కేది. వెనక పెడళ్ళేవంటావా? అందరూ అదే అడుగుతారు. వాటి సంగతి చెప్పాలంటే ఐవీ సంగతి చెప్పాలి. ఆ డ్రమ్ము మీద కూర్చో, గట్టిదే. మీ నాన్న నీళ్ళ పంపు ఎక్కడికీ పారిపోదులే.

ఐవీ ట్రెజైజ్. నువ్వు చూసి ఉండవు, నువ్వు పుట్టకముందే పోయింది. మన స్ట్రీకీ బేలో టెలిఫోన్లన్నీ పోస్టాఫీసులో ఆవిడ చేతి మీదే నడిచేవి. నేను మా అత్తకి ఫోన్ చెయ్యాలంటే ముందు ఐవీకి చెప్పాలి. "మీ అత్త ఇంట్లో లేదు నోర్మ్, ఇప్పుడే చేపలకని వెళ్ళింది" అనేది, అలా ఉండేది. మొగుడు క్లారీకి సైకిళ్ళ కొట్టు. ఈ సైకిలు అతనే తయారుచేశాడు, గొట్టం గొట్టం అతికి. యాభై దాటాక ఇద్దరికీ బుద్ధి పుట్టింది, దేశం మొత్తం చుట్టొద్దామని. వాళ్ళింటి గేటు దగ్గర ఎక్కి, చుట్టూ తిరిగి, మళ్ళీ ఆ గేటు దగ్గరే దిగాలి. మధ్యలో ఒక్క అడుగు కూడా ఇంకొకళ్ళ బండెక్కకూడదు. అదీ పందెం. ఎవరితోనూ కాదు, వాళ్ళతో వాళ్ళకే. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? ఐవీ కొంచెం బొద్దుగా ఉండేదిలే. "క్లారీ, వెనక బార్లీ బస్తా కట్టుకుపోతున్నావా?" అని హోటలు ముందు నిలబడి అరిచారు. ఆవిడ తిరిగి చూడకుండా చెయ్యూపింది. పోస్టాఫీసు మూల తిరిగారు, అంతే, నెలల తరబడి మనుషులు కనబడితే ఒట్టు.

నేనప్పుడు లారీ తోలేవాణ్ణి. పడమటి నుంచి ఉన్ని బేళ్ళు తెచ్చేది, ఇటునుంచి పెట్రోలు పీపాలు తీసుకెళ్ళేది. నల్లార్‌బార్ మైదానం మీద అప్పటికింకా తారు పడలేదు, అంతా సున్నపు దుమ్ము. ఓ రోజు మధ్యాహ్నం వస్తున్నాను, చూద్దును కదా, దారి పక్కన ఈ సైకిలు పడుంది. క్లారీ దాని పక్కన మడత మంచంలాగా ముడుచుకుపోయి ఉన్నాడు. ఐవీ గొడుగు పట్టుకుని ఎండకి అడ్డం నిలబడింది. దేశమంతా చుట్టేసి, ఇల్లు చేరడానికి ఇంకో నాలుగొందల మైళ్ళు ఉందనగా వచ్చింది కడుపునొప్పి. అపెండిక్సు. "ఎక్కండి మిసెస్ ట్రెజైజ్" అన్నాను. "ఎక్కం" అంటున్నాడు క్లారీ, నొప్పితో పళ్ళు కొరుకుతూనే! ఐవీ అతని వంక చూసింది, నా వంక చూసింది. మెడకి కట్టుకున్న ఎర్ర రుమాలు విప్పి, దారి పక్క ఉప్పునేల తుప్పకి గట్టిగా ముడేసింది. "ఇదుగో క్లారీ, మనం ఆగింది ఇక్కడ. మళ్ళీ ఇక్కడికే వస్తాం. ఇప్పుడు నోరు మూసుకుని ఎక్కు" అంది. సైకిలు ఉన్ని బేళ్ళ మీద కట్టి సెడూనా ఆసుపత్రికి తోలాను. ఆ రోజు తోలినట్టు మళ్ళీ ఎప్పుడూ తోలలేదు. స్ప్రింగొకటి విరిగింది కూడాను, దానికి మా ఓనరు… సరే, అది వేరే కథ.

ఆపరేషన్ బాగానే అయింది. డాక్టరు చెప్పేశాడు, ఆరు వారాల దాకా తొక్కడం మాటే ఎత్తొద్దని. ఆరు వారాలాగితే నడి వేసవి. ఆ ఎండలో ఆ మైదానం మీద సైకిలేంటి, బల్లులే నీడ వెతుక్కుంటాయి. అది పోతే మళ్ళీ చలికాలం దాకా ఆగాలి, అప్పటిదాకా పోస్టాఫీసువాళ్ళు ఐవీ కుర్చీ ఖాళీగా ఉంచరు. అందరూ ఒకటే మాట. "వచ్చేశారుగా, ఇంకెంతని! కార్లో వచ్చెయ్యండి, ఎవరడిగారు?" ఎవరడగకపోతేనేం, వాళ్ళకి తెలుసుగా! సైకిలోళ్ళ పట్టింపు అది. మధ్యలో చెయ్యి వెడల్పు ఖాళీ ఉన్నా చుట్టింది చుట్టినట్టే కాదంటారు. మూడు వారాలకి క్లారీ లేచి కూర్చుని, వెనక పెడళ్ళు ఊడదీసి, కాళ్ళు పెట్టుకోడానికి రెండు కర్రముక్కలు బిగించాడు. ఆవిడ ముందు, ఈయన వెనక. ఆవిడ అంతకుముందు హ్యాండిల్ ముట్టుకున్నదే లేదు! ఆసుపత్రి వెనక సందులో నేర్చుకుంది. మూడుసార్లు కంచెలో పడింది. నర్సులు కిటికీల్లోంచి చప్పట్లు.

పీపాల లోడుతో నేను పడమటికి వెళ్తూ సైకిలుతో సహా ఇద్దర్నీ ఎక్కించుకున్నాను. వెళ్ళాం, వెళ్ళాం… రుమాలు లేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఆ మైదానంలో ఈ తుప్పకీ ఆ తుప్పకీ తేడా ఏముంటుంది? చివరికి లారీలు పెట్రోలుకీ తిండికీ ఆగే అవతలి రోడ్‌హౌస్‌కి పోతే, కౌంటరు వెనక మేకుకి వేలాడుతోంది! ఆ దారిలో ఎవరి వస్తువు కనబడినా తెచ్చి దగ్గర్లో ఉన్న రోడ్‌హౌస్‌లో ఇవ్వడం మన లారీవాళ్ళ పద్ధతి కదా, ఎవరో మంచి మనిషి "పాపం ఎవరో పారేసుకున్నారు" అని విప్పి తెచ్చాడు. ఐవీ రుమాలు చేతిలోకి తీసుకుని దుమ్ము దులిపింది. నేనన్నాను, "మిసెస్ ట్రెజైజ్, అటూ ఇటుగా చోటు నాకు తెలుసు, మైలు తేడా కూడా ఉండదు" అని. క్లారీ నేల చూపులు చూస్తున్నాడు. ఆవిడ రుమాలు మెడకి కట్టుకుంది. "ఆ ముందు రాత్రి ఎక్కడ పడుకున్నాం క్లారీ?" "ఇక్కడే, ఈ వరండాలోనే." "అయితే ఇక్కణ్ణించే" అంది. అంటే అప్పటికే తొక్కిన ముప్పై మైళ్ళు మళ్ళీ తొక్కాలి! ఎనభై కిలోల మొగుణ్ణి వెనకేసుకుని! "మరీ అంత అవసరమా?" అన్నాడు క్లారీ. నమ్ముతావా, ఆ మాట క్లారీ అన్నాడు! "తెలిసిన చోటు ఇదొక్కటే. కూర్చో" అంది.

తర్వాత రెండు వారాలూ లారీవాళ్ళందరం అదే కబురు. ఫలానా చోట కనబడ్డారని ఒకడు, ఎదురుగాలికి దిగి నడుస్తున్నారని ఇంకొకడు. నడిచినా సరేనట, బండి ఎక్కకూడదు అంతే. ఒకసారి నేనూ పక్కన నెమ్మదిగా తోలాను. వెనక నుంచి క్లారీ "ఎడమకి, ఐవీ, ఎడమకి! గుంట! గుంట!" అని ఒకటే గోల. "క్లారీ, బస్తాలు మాట్లాడవు" అంది ఆవిడ. నవ్వు ఆపుకోలేక లారీ ఆపేశాను.

ఊళ్ళోకి వస్తున్నారని తెలిసి జనమంతా పోస్టాఫీసు మూల చేరారు. బ్యాండు, జెండాలు, కౌన్సిల్ ప్రెసిడెంటు భార్య చేసిన ఇంత ఎత్తు క్రీము కేకు. మూల తిరిగారు. ముందు సీట్లో ఐవీ! మొహమంతా దుమ్ము, పెదాలు పగిలి. వెనక క్లారీ, రాజుగారిలా చేతులూపుతూ. హోటలు ముందు ఒక్కడికి నోరు లేస్తే ఒట్టు. బ్యాండు మొదలెట్టారు, ప్రెసిడెంటు ముందుకొచ్చాడు. ఐవీ ఆగలేదు! "తర్వాత, తర్వాత!" అని అరుస్తూ అందరి మధ్య నుంచీ దూసుకుపోయింది. గేటు ఇంకా రెండు వీధుల అవతలుంది కదా మరి. వెనకాలే బ్యాండు, దాని వెనక కేకు పట్టుకుని ప్రెసిడెంటు, ఆయన వెనక కుక్కలు. ముందు చక్రం గేటుకి టక్‌మని తగిలింది. అప్పుడు కాలు కింద పెట్టింది. "దిగు క్లారీ, వచ్చేశాం" అంది. అని ఆ గేటు పట్టుకుని ఏడ్చింది చూడు…

క్లారీ మళ్ళీ ఆ పెడళ్ళు బిగించలేదు. "దేశమంతా నేను ముందుండి తొక్కింది చాలు, ఇక నువ్వు మొయ్యి" అని అలాగే కూర్చుని ఊరంతా తిరిగేవాడు. పదేళ్ళు తిరిగారు అలా. అతను పోయాక కూడా ఆవిడ దీన్నే తొక్కేది, ఒక్కతే, ఇంత పొడుగు బండి. నేనే వెళ్ళి అన్నాను, "వెనక భాగం కోసేసి మామూలు సైకిలు చేసిపెడతాను ఐవీ, తేలికగా ఉంటుంది" అని. "వద్దు నోర్మ్. వెనక బరువు లేకపోతే నాకు తిన్నగా తొక్కడం రాదు" అంది. మర్నాడు చూస్తే వెనక సీటుకి బార్లీ బస్తా కట్టుకుని రొట్టెల కొట్టుకి పోతోంది.

…

పానా దొరికిందా?