శనివారాల సాక్షి

లాయరమ్మ గదిలో బల్లకు ఇవతల ఇద్దరు: ఇనుపసామాన్ల కొట్టు పెద్దాయన, ఆయన కొడుకు. బల్ల మీద సగం నింపిన కాగితం.

"అంటే శనివారం పొద్దున పదికి దిగుమతి, సాయంత్రం ఆరుకి వాపసు. అంతేనా అమ్మా?"

"సరుకు కాదు పెద్దాయనా, పాప. వారం విడిచి వారం. బుధవారం ఫోనులో పావుగంట, పెద్ద సెలవుల్లో సగం. పాప తల్లి దగ్గర ఉంటుంది కాబట్టి కోర్టు ఇప్పటికి ఇచ్చిన ఏర్పాటు ఇది. మీ అబ్బాయి అడిగేది, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా. ప్రతి వారం."

"ప్రతి వారమా?"

"రెండు రాత్రులు మనింట్లోనే పడుకుంటుంది నాన్నా. నీకే కదా సంతోషం."

"నా సంతోషం సంగతి తర్వాత. కాగితం ఏమంటోందమ్మా?"

"మీరు సాక్షి. తండ్రి తన శనివారాలన్నీ పాపతోనే గడిపాడు, మీరు కళ్లారా చూశారు, అని. నాలుగు వివరాలు నింపాలి. బాబూ, మీరు చెప్పండి. మొన్న శనివారం ఏం చేశారు?"

"మొన్నా... పార్కుకి తీసుకెళ్లాను."

"మొన్న రోజంతా వానరా."

"అదే, వాన తగ్గాక."

"తగ్గలేదు. కొట్టు ముందు నీళ్లు నిలిస్తే గోనెపట్టాలు వేశాం."

"నాన్నా, నువ్వు కాసేపు..."

"పార్కు వదిలేద్దాం. పాప ఏ తరగతి?"

"రెండు."

"మూడు. బడి తెరిచిన దగ్గర్నుంచీ మూడే."

"సరే, మూడు రాసుకోండి మేడమ్. ఇవన్నీ ఎవరడుగుతారు?"

"అవతలి లాయరు అడుగుతాడు. పై పన్ను ఊడిందట, ఎప్పుడు?"

"పన్ను ఊడిందా?"

"పెద్దాయనా, పోనీ మీరు చెప్పండి."

"ఆరు వారాలైంది. నట్ల డబ్బాలో పడిపోతే ఇద్దరం గంటసేపు వెతికాం. దొరికాక కడిగి గౌను జేబులో పెట్టుకుంది, నాన్న వస్తే చూపిస్తానని."

"నాకెవరూ చూపించలేదే."

"పొద్దున దాన్ని కొట్టులో దింపిపోయి, మళ్లీ నువ్వు వచ్చేసరికి ఆరు కావస్తోంది. కారు దిగకుండా హారన్ కొట్టి, ఎక్కించుకుపోయి, ఫోను మాట్లాడుతూనే వాళ్లమ్మకి అప్పజెప్పావు."

"నాకు పనులుండవా? మధ్యమధ్యలో వచ్చి చూస్తూనే ఉన్నాగా."

"ఎన్నిసార్లురా?"

"ఇవన్నీ లెక్కపెట్టుకుంటామా నాన్నా?"

"నేను పెట్టుకున్నాను. పదకొండు శనివారాల్లో రెండుసార్లు. అందులో ఒకటి ఛార్జరు మర్చిపోయి వచ్చావు."

"మేడమ్, ఇవేవీ రాయకండి."

"రాయను. కానీ ఒక్కటి చెప్పండి. ఉన్న రోజుకే తీరిక లేదు, ఇంకా రోజులు దేనికి?"

"వదిలేస్తే తను గెలిచినట్టు కాదా? శని, ఆదివారాలు పిల్ల లేని ఇల్లు ఎలా ఉంటుందో తనకీ తెలియాలి."

"ఛీ."

"ఎవర్ని నాన్నా?"

"ఇంకా తేలలేదు. నిన్నో, నన్నో."

"నిన్నెందుకు? నీకు మనవరాలు దక్కుతోంది. ఉన్న శనివారాలూ రద్దు చేయమని తను కోర్టుని అడుగుతోంది, నువ్వు సంతకం పెట్టకపోతే అవీ పోతాయి. చెప్పండి మేడమ్."

"అది నిజం పెద్దాయనా. ఈ ఏర్పాటులో తాతకంటూ విడిగా ఒక్క గంట లేదు. తండ్రి రోజులు పోతే వాటితోపాటు మీవీ పోతాయి. ఆ తర్వాత మీ కోడలి దయ."

"ఆ అమ్మాయి నాతో మాట్లాడి ఏడాదైంది."

"మరింకేం? పెట్టు నాన్నా."

"పెడదామనే వచ్చానురా. పొద్దున కొట్టుకి తాళం వేస్తూ బేరీజు వేసుకున్నాను. ఎనిమిది గంటలు ఇచ్చి వారానికి రెండు రాత్రులు తీసుకోవడం. నలభై ఏళ్లలో ఇంత లాభసాటి బేరం ఎవడూ తేలేదు నాకు."

"మరి?"

"మేకుల బస్తాల పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంటుంది అది. ఏ బోల్టుకి ఏ నట్టో నాకంటే ముందు చెబుతుంది. వీధిలో ఏ బండి ఆగినా లేచి గడప దాకా వెళ్లి చూసొస్తుంది. రోజుకి ఇరవైసార్లు. 'నాన్న కాదు తాతయ్యా, ఎవరో తాళంకప్ప కోసం' అంటుంది. నేను గిరాకీ వచ్చిందని సంతోషించాలి."

"చిన్నపిల్లలు అంతే నాన్నా, కొన్నాళ్లకి..."

"కొన్నాళ్లు అయిపోయాయిరా. మొన్న లేవలేదు. వచ్చింది నువ్వే, నీ కారే, నీ హారనే. తలెత్తకుండా, 'తాతయ్యా, వాళ్లకేం కావాలో చూడు' అంది."

"నాతో అలా అనలేదే..."

"నీతో ఏం అంటుంది? నా ముచ్చట తీరుతోంది కదా అని ఇన్నాళ్లూ నోరు మూసుకుని దాన్ని గడపలో నిలబెట్టాను. దొంగసరుకని తెలిసీ దించుకున్నవాడు దొంగకేం తీసిపోడు."

"అవన్నీ ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. ఇప్పుడు సాక్షి సంతకం పెడతావా, పెట్టవా?"

"పెడతాను. అమ్మా, అవతలి లాయరు గది ఎటువైపో కాస్త చెప్పు."